పుకారు వెనకున్న ప్రశ్న

2018 మే 9న తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, అరవై ఏళ్లు దాటిన ఒక స్త్రీ తన బంధువులతో కలిసి కులదైవం గుడికి వెళుతూ దారిలో ఆగి, ఆడుకుంటున్న పిల్లలకి చాక్లెట్లు ఇచ్చింది. ఊరివాళ్లు గుమిగూడి ఆమెను కొట్టి చంపారు. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను నెలలో నాలుగు డబ్బులు దొరుకుతాయని భిక్షాటనకు వచ్చిన హిజ్రాల మీద గుంపు దాడి చేసింది. వాళ్లలో ఒకరు చనిపోయారు. జూన్ 26న అహ్మదాబాదులో సంచార కులానికి చెందిన ఒక స్త్రీని, తోటి స్త్రీలతో కలిసి అడుక్కోవడానికి బయల్దేరినప్పుడు, అలాగే చంపారు. ఏడు వారాల వ్యవధిలో మూడు నగరాలూ పల్లెల్లో మూడు ప్రాణాలు. చంపినవాళ్లు ఒకరికొకరు తెలియదు. చనిపోయినవాళ్లు ఒకరికొకరు తెలియదు. అందరినీ కలిపింది ఫోనులో వచ్చిన ఒకే ఒక్క మాట: "పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారు, జాగ్రత్త. అందరికీ పంపండి."

ఆ ఒక్క సంవత్సరంలో ఇదే మాటకు దేశంలో ఇరవై మందికి పైగా బలయ్యారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఒకేసారి ఐదుగురిని గ్రామ పంచాయతీ గదిలో వేసి కొట్టి చంపారు. అదే నెలలో బీదరు జిల్లాలో హైదరాబాదు యువకుడొకడు, అతని స్నేహితులు బడిపిల్లలకి చాక్లెట్లు ఇచ్చారన్న అనుమానం మీద దాడికి గురయ్యారు. ఆ యువకుడు బతకలేదు.

ఇంతకీ జనం ఫోనుల్లో చూసిందేమిటి? మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోయే వీడియో ఒకటి. అది మన దేశంలో తీసింది కాదు. కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్ని అనే సంస్థ తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి 2016లో చేయించిన ప్రచార చిత్రం. దాని చివర ఆ మనుషులే వెనక్కి వచ్చి పిల్లవాడిని దింపి, ఒక అట్ట మీద రాసిన హెచ్చరికను చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. పిల్లల్ని కాపాడటానికి తీసిన సినిమా మనుషుల్ని చంపడానికి పనికొచ్చింది. వరసగా పడుకోబెట్టిన పిల్లల శవాల బొమ్మలు ఇంకొన్ని తిరిగాయి. అవి 2013లో సిరియాలో జరిగిన రసాయన దాడిలో చనిపోయిన పిల్లలవి.

మన తెలుగు జిల్లాల్లో తిరిగిన సందేశాలకి ఇంకో పేరు కూడా తోడైంది: "పార్థీ ముఠా". పార్థీలు ఎవరు? 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన అనేక కులాలలో ఒకరు. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. నూరేళ్ల నాటి ఆ ముద్ర కొత్త ఫోనులో కొత్త ప్రాణం పోసుకుంది. రైన్‌పాడాలో చనిపోయిన ఐదుగురూ సంచార జీవనం గడిపే గోసావీలు. అందుకే పుకారు గుడ్డిది అనడాన్ని నేను ఒప్పుకోను. దానికి కళ్లున్నాయి. దిక్కులేని స్త్రీని, హిజ్రాని, అడుక్కునేవాళ్లని, మతిస్థిమితం లేనివాళ్లని, మన భాష రానివాళ్లని అది వెతికి పట్టుకుంటుంది. కారులో వచ్చిన పెద్దమనిషి దాని బారిన పడటం అరుదు.

పుకార్లు మనకు కొత్త కాదు. "ఓ స్త్రీ రేపు రా" అని ఇంటింటి తలుపు మీదా సుద్దముక్కతో, బొగ్గుతో రాసుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా చెంబులు పట్టుకుని గుళ్ల ముందు నిలబడింది. ఒక్కడే కొడుకున్న తల్లి ఫలానా రంగు గాజులు వేసుకోవాలనీ, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకి చీరలు పెట్టకపోతే కీడు జరుగుతుందనీ కొన్నేళ్లకొకసారి ఏదో ఒక జిల్లాలో పుడుతూనే ఉంటుంది. గాజుల దుకాణం, చీరల దుకాణం నాలుగు రోజులు కళకళలాడుతాయి. చేతబడి చేసిందన్న మాట మీద ఒంటరి స్త్రీల పళ్లు రాలగొట్టిన ఊళ్లు, సజీవంగా తగలబెట్టిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు మాట మోసుకొచ్చిన మనిషి ఎదురుగా ఉండేది. "నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని అడిగే వీలుండేది. ఇప్పుడు మాటకు బొమ్మ తోడైంది. బొమ్మ చూశాక ఎవరూ ఎవరినీ అడగరు. పైగా అది పంపింది మేనమామో, బడి పంతులో, మన సంఘం లీడరో అయి ఉంటుంది. మనం నమ్మేది సందేశాన్ని కాదు, పంపిన మనిషిని.

స్త్రీల సంఘాల సమావేశాల్లో ఈ విషయం ఎత్తితే నాకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది. "ఇది కంప్యూటర్లు తెలిసిన కుర్రాళ్ల పని మేడం, మనకెన్ని సమస్యలు లేవు?" అని. వరకట్నం, గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు ఇన్ని ఉండగా ఫోనులో వచ్చే చెత్త గురించి మనకెందుకు అన్నది దాని భావం. కానీ ఇది మన పనే అని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం, స్త్రీలు 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు చదివి వినిపిస్తారు అన్న ప్రశ్న మిగిలే ఉంది. చాలా ఇళ్లలో ఫార్వర్డ్ సందేశం స్త్రీ దగ్గరకి నేరుగా రాదు. కొడుకు చూసి చెబుతాడు, మొగుడు చూసి బెదిరిస్తాడు. భయం మాత్రం ఆమెకు నేరుగా వస్తుంది. దాన్ని తేల్చుకునే సాధనం ఆమె చేతిలో ఉండదు. "వెబ్‌సైటులో వెతికి చూసుకోండి" అన్న సలహా ఆమెకు ఎలా పనికొస్తుంది? ఆ పుకారు పర్యవసానం మాత్రం ముందుగా ఆమె మీదే పడుతుంది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటే బడి మానేది ఆడపిల్ల. చీకటి పడ్డాక బయటకి పోవద్దన్నది ఆమెకే. కూలికి పక్క ఊరు పోవద్దన్నది ఆమెకే.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైంది. 2021 ఏప్రిల్‌లో, 18 ఏళ్లు నిండిన వాళ్లందరికీ కోవిడ్ టీకా ఇస్తామని ప్రకటన వెలువడిన రోజుల్లో, ఒక సందేశం ఊరూరా తిరిగింది. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత ఆడవాళ్లు టీకా వేయించుకోకూడదని, ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని దాని సారాంశం. ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వ సమాచార శాఖ అది అబద్ధమని ఖండించింది. ఖండన సరైనదే. కానీ ఆ రోజుల్లో నాతో ఫోనులో మాట్లాడిన ఒక ఆశా కార్యకర్త అడిగిన మాట మరిచిపోలేను. "మేడం, అబద్ధమని చెప్పుమంటున్రు, చెప్తాం. మరి సూది వేస్కుంటె నెలసరిల ఏమన్న తేడా వస్తదా అని అడుగుతున్రు. ఏం చెప్పాలె?"

ఆ ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎందుకంటే టీకా ప్రయోగాల్లో పాల్గొన్న స్త్రీలని నెలసరి గురించి అడగాలని ఎవరికీ తోచలేదు. స్త్రీలే చెప్పడం మొదలుపెట్టాక, వాళ్ల మాటని చాలాకాలం కొట్టిపారేశాక, పరిశోధన మొదలైంది. అమెరికాలో దాదాపు 4,000 మంది స్త్రీల వివరాలతో 2022 జనవరిలో అచ్చయిన అధ్యయనంలో, టీకా తర్వాత నెలసరి సగటున ఒక రోజుకన్నా తక్కువ ఆలస్యమవుతుందనీ, అది తాత్కాలికమనీ తేలింది. అంటే సందేశం అబద్ధమే. కానీ ఆ సందేశాన్ని నమ్మిన స్త్రీ మూర్ఖురాలు కాదు. ఆమె మనసులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. జవాబు చెప్పవలసినవాళ్లు చెప్పకపోతే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంది. ఖండించడంతో మన పని అయిపోయిందనుకుంటే ఆ ప్రశ్న అక్కడే ఉంటుంది. రేపు ఇంకో పుకారు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల పుకారు వెనక ఏ ప్రశ్న ఉంది? నా బిడ్డ కనిపించకపోతే నా మాట ఎవరు వింటారు అన్నదే. పేదల పిల్ల కనిపించకపోతే "ఎవడితోనో పోయుంటుంది, నాలుగు రోజులు చూడండి" అని స్టేషను మెట్ల మీంచే తిప్పి పంపిన అనుభవం బస్తీల్లో ఎందరు తల్లులకి లేదు? బిడ్డ తప్పిపోయిందని ఫిర్యాదు వస్తే తప్పనిసరిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో చెప్పింది. ఈ సంగతి తెలిసిన తల్లులు ఎంతమంది? స్టేషను మీద నమ్మకం ఉన్న తల్లి రోకలి పట్టుకుని వీధిలోకి రాదు.

అదే ఏడాది రెండు చోట్ల జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. 2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లకు పోయిన పోలీసులు గమనించారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లోని దాదాపు 400 ఊళ్లకు ఊరికొక పోలీసు చొప్పున బాధ్యత అప్పగించి ఇంటింటికీ పంపారు. దప్పు కొట్టించారు, పాటలు కట్టించారు. సర్పంచులతో మాట్లాడారు, ఊరి వాట్సప్ గ్రూపుల్లో తామూ చేరారు. ఏ అనుమానం వచ్చినా ఫోను చేయడానికి ఊరికి తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. ఆ జిల్లాల్లో ఈ పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. అదే సంవత్సరం జూన్ 28న త్రిపురలో, పుకార్లు నమ్మొద్దని మైకులో చెప్పడానికి ప్రభుత్వం కూలికి పెట్టుకున్న ఒక మనిషిని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనే అనుమానంతో జనం చంపేశారు. అతను చెప్పిన మాట నిజమే. కానీ ఆ ఊరికి అతను ఎవరో తెలియదు. నిజం కూడా తెలిసిన మనిషి నోట వస్తేనే ఊరు వింటుంది. అలా తెలిసిన మనుషులు ఎవరు? ఊరూరా ఉన్న మహిళా సంఘాలు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు కాదా?

ఈ పుకార్లు చేసే ఇంకో అన్యాయం గురించి మనం తగినంతగా మాట్లాడటం లేదు. ప్రమాదం ఎప్పుడూ బయటనుంచి, తెలియనివాళ్ల నుంచి వస్తుందని అవి నేర్పుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో, నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, ఇరుగుపొరుగు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. ఇంట్లోవాడి గురించి పెదవి విప్పని సమాజం వీధిలో పోయే హిజ్రా మీద రాయి విసరడానికి ఒక్క నిమిషం ఆలోచించదు. అపరిచితుల పేరు చెప్పి భయపెడితే ఇల్లు నిర్దోషిగా మిగిలిపోతుంది. పితృస్వామ్యానికి ఇంతకన్నా అనువైన పుకారు ఇంకేముంటుంది?

నిజమా కాదా అని తేల్చుకోమని చెబుతూనే, తేల్చకూడనివి కూడా ఉన్నాయని చెప్పాలి. ఒక అమ్మాయి ఫొటోనో వీడియోనో గ్రూపులోకి వస్తుంది. "ఇది ఫలానావాళ్ల పిల్లేనా? నిజమేనా?" అని పది మందికి పంపి అడగడం మొదలవుతుంది. ఇక్కడ నిజానిజాల ప్రశ్నే తప్పు. అది కల్పితమైనా నేరమే, నిజమైనా ఆమె అనుమతి లేకుండా తిప్పడం నేరమే. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. అందరూ "నకిలీ" అని తేల్చి ఊపిరి పీల్చుకున్నారు. కానీ అందులో అన్యాయం జరిగింది ఇద్దరు స్త్రీలకు. నకిలీ అని తేలితే పరువు దక్కింది అనుకోవడంలో, నిజమైతే పరువు పోయేదే అన్న తీర్పు దాగి ఉంది. పేరున్న నటికి పోలీసులు కదిలారు. ఇంటర్మీడియట్ చదివే పల్లెటూరి పిల్లకి పెళ్లి సంబంధం తప్పిపోవడమో, చదువు ఆగిపోవడమో, ఉరితాడో మిగులుతుంది. కాబట్టి ఇలాంటివి వస్తే ఎవరికీ పంపవద్దు. ఎవరినీ "నిజమా" అని అడగవద్దు. ఆ అమ్మాయి పక్కన నిలబడి, ఆమె కోరుకుంటే ఫిర్యాదు చేయించాలి. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ, 67ఎ సెక్షన్లు ఇందుకే ఉన్నాయి. బాధితురాలు ఫిర్యాదు చేస్తే కొన్ని గంటల్లోనే దాన్ని తొలగించవలసిన బాధ్యత కంపెనీల మీద ఉంది.

మరి నిజమేదో తేల్చే అధికారం ప్రభుత్వానికి అప్పగిస్తే పోదా అంటున్నవాళ్లున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ నిబంధనలు సవరించి, తన గురించి వచ్చే సమాచారంలో ఏది అబద్ధమో తన విభాగమే తేల్చే ఏర్పాటు చేసుకుంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. సెప్టెంబరులో బాంబే హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. హక్కుల కోసం పనిచేసేవాళ్లుగా మనం దీన్ని ఆహ్వానించాలి. ఆకలి చావులు లేవని, లాకప్ మరణాలు లేవని ప్రభుత్వాలు చెప్పిన సందర్భాలు మనకు తెలుసు. నిజనిర్ధారణ కమిటీలు వేసుకుని ఊళ్లకు వెళ్లి, బాధితులతో మాట్లాడి, రెండు పక్షాలూ విని నివేదికలు రాసిన సంప్రదాయం మన ఉద్యమాలకి ఉంది. ఫోనులో వచ్చిన మాటకు కూడా ఆ పద్ధతే వర్తిస్తుంది. ఎక్కడ జరిగింది? ఎప్పుడు? ఎవరు చూశారు? దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి హాని? ఊరి పేరు, తేదీ లేని వార్తను పక్కన పెట్టడం మొదటి మెట్టు. ఈ క్రమశిక్షణ మనకు నచ్చని సందేశాలకే కాదు, నచ్చినవాటికీ ఉండాలి. స్త్రీలకు కొత్త చట్టం వచ్చిందనో, ఫలానా నంబరుకి ఫోను చేస్తే రాత్రిపూట పోలీసులు ఇంటి దగ్గర దింపుతారనో వచ్చేవాటిని మన గ్రూపుల్లోనే ఉత్సాహంగా తిప్పుతున్నాం. ఆపదలో ఉన్న ఒక స్త్రీ ఆ నంబరుని నమ్మి ఫోను చేసి, అది పలకకపోతే?

ప్రతి మండలంలో, ప్రతి బస్తీ సంఘంలో ఇద్దరు ముగ్గురు ఈ బాధ్యత తీసుకోవాలని నా ప్రతిపాదన. ఫొటోని వెనక్కి వెతికే పద్ధతి ఒక పూటలో నేర్చుకోవచ్చు. హైదరాబాదు నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ ప్రచురిస్తున్నాయి. సందేశం పక్కన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అనుమానం వచ్చిన ఏ స్త్రీ అయినా ఫోను లేకపోయినా వచ్చి అడగగలిగే చోటు ఒకటి ఉండాలి. అడిగినప్పుడు "ఇది కూడా నమ్ముతారా" అని నవ్వకూడదు. నవ్వితే ఆమె మళ్లీ రాదు. ఆమె దేనికి భయపడుతున్నదో ముందు వినాలి. టీకా గురించయితే ఏఎన్ఎంని, తప్పిపోయిన పిల్ల గురించయితే స్టేషనుని, 1098ని, హింస గురించయితే 181ని కలిపి, జవాబు వచ్చేదాకా వెంట ఉండాలి. ఏ ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయో రాసి పెట్టుకుంటే, ఆరోగ్య శాఖనీ పోలీసు శాఖనీ నిలదీయడానికి అదే మన ఆధారం.

చట్టాలు అవసరమే. గుంపు హత్యల మీద 2018 జూలై 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని బాధ్యుడిగా ఉంచమంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్ కింద, కులం, మతవర్గం, లింగం, భాష, పుట్టిన చోటు లాంటి కారణాలతో ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి చేసే హత్యకు యావజ్జీవం లేక మరణశిక్ష. ఈ పత్రిక ఏ నేరానికీ మరణశిక్షను సమర్థించదు. పైగా చట్టం హత్య జరిగాక వస్తుంది. చాంద్రాయణగుట్టలో ఆ రాత్రి రాయి ఎత్తిన చేతిని పట్టుకుని "ఆగు, ఈమె ఎవరో అడుగుదాం" అనగలిగిన మనిషి ఒక్కరుంటే సరిపోయేది.

నోటి మాట స్త్రీలకు శత్రువేమీ కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన కథ, కొత్తగా అక్షరాలు నేర్చుకుంటున్నవారి వాచకంలో పాఠమై, ఊరి నుంచి ఊరికి స్త్రీల నోటనే పాకింది. ఏడాది తిరక్కుండానే నెల్లూరు జిల్లానీ, రాష్ట్రాన్నీ కదిలించింది. ఆ మాట మోసినవాళ్లకి దాని బరువు తెలుసు. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో తెలుసు. ఆ బరువు తెలిసి మాట మోసే అలవాటును మన సంఘాల్లో తిరిగి పెంచుకోవాలి. మీ ప్రాంతంలో తిరుగుతున్న సందేశాలేమిటో, వాటి వెనక స్త్రీలు అడుగుతున్న ప్రశ్నలేమిటో మాకు రాయండి. వచ్చే సంచిక నుంచి వాటికి చోటిస్తాం. జవాబులు కలిసి వెతుకుదాం.